చెవి మేస్త్రి బిగించని నట్టు

సైకిళ్ళ మేస్త్రికి చెవి మేస్త్రి అన్న పేరు పెట్టింది కాలనీ పిల్లలు. వాళ్ళు తిట్టుగా పెట్టిన పేరును ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు. పెద్దవాళ్ళు ఎదురుపడి "ఏం చెవి మేస్త్రీ, కులాసానా?" అంటే మీసాల చాటున నవ్వుకునేవాడే తప్ప ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు. పాపం, ఆ పేరు తనని ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పటికి ఆయనకి తెలియదు.

ఆయన షాపు పింగాణీ ఫ్యాక్టరీ ప్రహరీగోడకి ఆనించి వేసిన రేకుల పాక. ముందు పంక్చర్లు చూసే నీళ్ళ బేసిను, పైన దండేనికి వేలాడే పాత ట్యూబులు, నల్లగా జిడ్డుపట్టిన ఒక బల్ల. ఫ్యాక్టరీ నుంచి వచ్చే తెల్లటి దుమ్ము అన్నిటిమీదా పిండి జల్లినట్టు పడి ఉండేది. ఎగువ క్వార్టర్ల నుంచి మెయిన్ రోడ్డుకి దిగే వాలు సరిగ్గా ఆ పాక ముందే ముగుస్తుంది. కాలనీలో ఎవరు సైకిలు తొక్కుకుంటూ వచ్చినా ఆ వాలు దిగాల్సిందే, మేస్త్రి చెవిన పడాల్సిందే. ట్యూబుకి అతుకేస్తూ, తల ఎత్తకుండానే "వెనక చక్రం బెండొచ్చింది, దిగు" అనేవాడు. దిగినవాడు నోరు వెళ్ళబెట్టేవాడు. అంతవరకూ ఆ విద్య ఎవరికీ చెరుపు చెయ్యలేదు.

అటు మొన్నటి వానాకాలంలో ఎగువ క్వార్టర్ల కుర్రాడొకడు చీకట్లో లైటు లేకుండా వాలు దిగి, మట్టి తెచ్చే లారీ కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు. ఆ తర్వాతే కాలనీ సంఘం రూలు పెట్టింది. రాత్రి షిఫ్టు సైరను మోగాక పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలెవరూ పెద్దవాళ్ళు వెంట లేకుండా గడప దాటకూడదు. దాటి దొరికితే వచ్చే ఆదివారం పొద్దున, కన్నవాళ్ళలో ఒకరితో కలిసి, నలుగురూ చూస్తుండగా సంఘం హాలు ఊడవాలి. సంఘానికి పెద్ద రిటైరైన హెడ్మాస్టరు గారు. ఆయన రూలు చదివి వినిపించగానే ముందు లేచిన చెయ్యి మేస్త్రిదే. రూలు మంచిదే, అందులో వంక పెట్టేదేమీ లేదు. లారీ కింద పడ్డ కుర్రాడు ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు.

రూలుకి మినహాయింపు ఒక్కరికే ఇచ్చారు. ఇస్త్రీబండి ఆవిడ కూతురు ఒకతె ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిట్ట అంటారు. టౌన్లో ఆసుపత్రివాళ్ళు నడిపే నర్సింగు ట్రైనింగులో చేరింది. క్లాసు వదిలేసరికే సైరను వేళ దాటిపోతుంది. వాళ్ళమ్మ మీటింగులో చేతులు జోడించి నిలబడి అడిగితే, హెడ్మాస్టరు గారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. టౌను నుంచి తిన్నగా ఇంటికి రావాలి, వచ్చాక మళ్ళీ బయటికి అడుగు పెట్టకూడదు, పెడితే పర్మిషను రద్దు. పిట్ట బుద్ధిగా తలూపింది.

రూలయితే వచ్చింది గానీ పిల్లలు పిల్లలే కదా. లైట్లు ఆర్పేసి, వాలు మీద నుంచి గాలిలా దూసుకుపోయేవాళ్ళు. సంఘం వంతులవారీగా పెట్టిన గస్తీవాళ్ళు టార్చిలైట్లు వేసేలోపు దుమ్ము తప్ప ఏమీ కనిపించేది కాదు. అప్పుడు హెడ్మాస్టరు గారికి మేస్త్రి చెవులు గుర్తొచ్చాయి. కబురంపి, వాలు కింద వేసిన గస్తీ బెంచీ మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. మొదటి రాత్రే మేస్త్రి కళ్ళు మూసుకుని వరసగా చెప్పేశాడు. ఆ చైను కవరు రాసుకుంటున్నది ఫలానావారి రెండోవాడిది, ఆ బ్రేకు కీచుమన్నది ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే ఆయన కూతురిది అని. తెల్లారి వెళ్ళి అడిగితే పిల్లలు తెల్లమొహాలు వేసి ఒప్పేసుకున్నారు. ఆ ఆదివారం హాల్లో చీపుళ్ళు చాలలేదు. క్యాంటీన్ ఆయన తల వంచుకుని ఊడుస్తుంటే మేస్త్రి కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతూ చూశాడు.

ఇక్కడిదాకా మేస్త్రిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తర్వాత చేసింది వేరు.

శబ్దమే పట్టిస్తోందని పిల్లలు కనిపెట్టారు. ఒక్కొక్కరే సైకిలు నడిపించుకుంటూ షాపుకి రావడం మొదలుపెట్టారు. మడ్‌గార్డు మోగుతోంది మామయ్యా, స్టాండు ఊగుతోంది మామయ్యా అంటూ అమాయకంగా మొహాలు పెట్టేవాళ్ళు. మేస్త్రి లోపల్లోపల నవ్వుకుంటూ అన్నీ బిగించేవాడు. ఒక్కటి మాత్రం వదిలేసేవాడు. ఒకరికి మడ్‌గార్డు నట్టు, ఒకరికి స్టాండు స్ప్రింగు, ఒకరికి చైను కవరు బోల్టు, ఒకరికి బ్రేకు నట్టు. ఆ కాస్త వదులే తనకి గుర్తు. పట్టి పట్టి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు, వాలు దిగేటప్పుడు ఏ మోత ఎవరిదో ఆయన చెవికి తప్ప అందదు. పిట్ట సైకిలుకి వెనక క్యారియర్ నట్టు వదిలేశాడు. ఆ పిల్ల "ఇది మోగుతూనే ఉంది మామయ్యా" అని ఎన్నిసార్లు తెచ్చినా "పాత బండి కదమ్మా, అంతే" అని పంపేసేవాడు.

తన తెలివికి తనే మురిసిపోయి ఒకరోజు భార్యకి చెప్పాడు. ఆవిడ గిన్నెలు తోముతున్నదల్లా ఆపింది.

"అది దొంగపని కాదుటండీ?"

"దొంగపనేమిటే, పిల్లల మంచికే కదా."

"మంచికే అయితే వాళ్ళకి చెప్పే వదలండి," అని మళ్ళీ గిన్నెలు తోముకుంది.

మేస్త్రి చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

కాలనీలో చప్పుడు చెయ్యని సైకిలు ఒక్కటే ఉండేది. అది ఆయన కొడుకుది. ఇంకో ఏడాదైతే రూలు వయసు దాటేస్తాడు. ఒక్కగానొక్కడు కావడంతో మేస్త్రి వాణ్ణి దొరగారని పిలిచేవాడు. దొరగారి సైకిలుని ప్రతి వారం విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, ప్రతి నట్టూ బిగించేవాడు. అది వెళ్తుంటే టైరు నేలని తాకే చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. తన చేతి పనితనం చూపించుకోవడానికి మేస్త్రికి ఉన్నది ఆ ఒక్క సైకిలే.

ఆ రాత్రి మంచు దట్టంగా కురుస్తోంది. బెంచీ మీద హెడ్మాస్టరు గారు, మేస్త్రి, గస్తీ వంతు వచ్చిన క్యాంటీన్ ఆయన మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. సైరను మోగి చాలాసేపయింది. వాలు మీద నుంచి ఏదో దిగింది. చైను మోగలేదు, బ్రేకు కీచుమనలేదు. తడి ఇసక మీద టైరు జారుతున్న సవ్వడి మాత్రం వాళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయింది. క్యాంటీన్ ఆయన లైటు వేసేసరికి మంచు తప్ప ఏమీ లేదు.

మేస్త్రి బెంచీ మీద నుంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరిదయ్యా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

వినపడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. చెవి మేస్త్రికి వినపడకపోవడమేమిటన్న గీర ఒకవైపు, ఆదివారం పొద్దున కొడుకు పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ తన రూపం ఇంకోవైపు. కిటికీ దగ్గర టీ గ్లాసుతో క్యాంటీన్ ఆయన నిలబడి ఉంటాడు. పిట్టకి ఎలాగూ పర్మిషనుంది, ఆ పేరు చెబితే ఓహో అనుకుని ఊరుకుంటారు, ఎవరికీ నష్టం లేదు అనిపించింది.

"పిట్టదండీ. క్యారియర్ మోగింది," అన్నాడు.

హెడ్మాస్టరు గారు ఊరుకోలేదు. "ఆ పిల్ల నువ్వు రాకముందే ఇంటికెళ్ళడం నేను చూశానే. మళ్ళీ బయటికొచ్చిందన్నమాట. జాలిపడి పర్మిషనిస్తే చేసే పని ఇదా?"

అప్పుడైనా మేస్త్రి నోరు విప్పాల్సింది. మఫ్లర్ సర్దుకుంటూ కూర్చుండిపోయాడు.

తెల్లారి హెడ్మాస్టరు గారు ఇస్త్రీబండి దగ్గరికి స్వయంగా వెళ్ళారు. ఆదివారం మీటింగులో అందరి ముందూ చెబుతాననీ, ఈలోగా సైరను తర్వాత పిట్ట రోడ్డు మీద కనపడటానికి వీల్లేదనీ చెప్పారు. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కకి పెట్టి చెప్పుకుంది. "రాత్రి పిల్ల నా పక్కనే కూర్చుని బట్టలు మడతలు పెట్టింది సార్. ఎక్కడికీ వెళ్ళలేదు."

"తల్లివి కదా, అలాగే అంటావు. మేస్త్రి చెవి ఎప్పుడైనా తప్పిందా చెప్పు," అన్నారాయన. ఆవిడ మళ్ళీ పెట్టె అందుకుంది. ఆ చెవి తప్పిందని కాలనీలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం దొరగారు అన్నం క్యారేజీ తెచ్చి షాపులో పెట్టాడు. రోజూ పెట్టేసి పారిపోయేవాడు ఆ పూట ట్యూబుల కింద నిలబడి గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"నాన్నా, రాత్రి వెళ్ళింది నేనే. ఫ్రెండు వాళ్ళింట్లో టీవీలో ఆట చూడ్డానికెళ్ళా." కాసేపాగి, "నీకు తెలుసు కదా," అన్నాడు.

మేస్త్రి క్యారేజీని బల్ల చివరికి జరిపాడు.

"థాంక్స్ నాన్నా," అన్నాడు వాడు నెమ్మదిగా. తండ్రి వైపు కొత్తగా, చనువుగా, ఇద్దరూ కలిసి ఏదో గోడ దూకి వచ్చినట్టు చూసి వెళ్ళిపోయాడు.

లాగి ఒక్కటి కొట్టాలనిపించింది మేస్త్రికి. కొట్టాల్సింది ఎవరినో ఆలోచించేసరికి చెయ్యి లేవలేదు. క్యారేజీ విప్పకుండానే సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాడు. ఎందుకు తినలేదని భార్య అడిగితే ఆకలి లేదన్నాడు. జీవితంలో ఆకలి లేదని ఆయన అన్నది అదే మొదలు.

మర్నాడు పిట్ట వచ్చింది. నిలదీస్తుందేమోనని మేస్త్రి ముందే బేసిను మీదకి వంగిపోయాడు. ఆ పిల్ల నిలదీయలేదు. సైకిలు స్టాండేసి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మామయ్యా, మీ చెవి తప్పదని నాకూ తెలుసు. నేనేమనుకుంటున్నానంటే, నా బండిలా మోగే బండి ఇంకోటేదో ఉండాలి. అలా ఉంటాయి కదా?"

"ఉంటాయమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఆ మాట ఆదివారం మీటింగులో చెప్తారా? వచ్చే వారం నుంచి వార్డులో ప్రాక్టికల్సు. వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు. అమ్మ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. నేను చెబితే ఎవరూ నమ్మరు గానీ మీరు చెబితే నమ్ముతారు."

"చెప్తానమ్మా. తప్పకుండా చెప్తా."

ఆ పిల్ల మొహం విప్పారింది. మేస్త్రికీ ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేని సంతోషం అది. పొరబడ్డానంటే సరిపోతుంది, చెవి పేరు కాస్త మాస్తుంది, పిట్ట చదువు నిలబడుతుంది, కొడుకు సంగతి బయటికి రాదు. ఇంత సుళువుగా బయటపడే దారి ఎదుటి మనిషే తెచ్చి చేతిలో పెట్టింది. పైగా వెళ్తూ వెళ్తూ "మీరు మంచివారు మామయ్యా" అని కూడా అంది.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. పిట్ట సంగతి రాగానే మేస్త్రి లేచాడు. గొంతు సవరించుకుని, ఇంటి దగ్గర మనసులో వల్లించుకున్నది అప్పజెప్పాడు. ఆ రాత్రి మంచు కురుస్తోందనీ, రెండు సైకిళ్ళు ఒక్కలాగే మోగొచ్చనీ, తను పొరబడి ఉండొచ్చనీ, ఆ పిల్ల పర్మిషను తీసెయ్యొద్దనీ అన్నాడు.

హెడ్మాస్టరు గారు ఆప్యాయంగా నవ్వారు. "చూశారా, ఇదీ మేస్త్రి మనసు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ పొరబడని మనిషి ఆ పిల్ల మీద జాలితో తన చెవినే తప్పంటున్నాడు. ఏమయ్యా, నీ మంచితనం మెచ్చుకోవాల్సిందే. కానీ రూలు రూలే కదా."

ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. ఆ చప్పట్ల మధ్య నుంచి ఇస్త్రీ ఆవిడ వచ్చి మేస్త్రి ముందు నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"పని కాకపోతే పోయింది అన్నయ్యా. నువ్వొక్కడివైనా మా కోసం మాట సాయం చేశావు. నీ రుణం ఉంచుకోను," అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వేళ్ళ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలున్నాయి.

ఆ దణ్ణం తన మీద ఉమ్మేసినట్టనిపించింది మేస్త్రికి. ఉమ్మేసినా తుడుచుకునేవాడు. హెడ్మాస్టరు గారు అప్పటికే హాలు పైకప్పు కారడం గురించి మొదలుపెట్టారు. మేస్త్రి ఇంకా నిలబడే ఉన్నాడు.

"కూర్చోవయ్యా, అయిపోయింది కదా."

"కాలేదండీ." గొంతు తనదిలా లేదు. "ఆ సైకిలు మావాడిది."

పైకప్పు మాట ఆగిపోయింది. గుమ్మం దగ్గర కుర్రాళ్ళతో నిలబడ్డ దొరగారు తలొంచుకున్నాడు.

"నాకు అప్పుడే తెలుసండీ. తెలిసే ఈ పిల్ల పేరు చెప్పాను. మావాడి పక్కన చీపురు పట్టడానికి సిగ్గేసి చెప్పాను." అక్కడితో ఆపేద్దామనుకున్నాడు, కానీ వల్ల కాలేదు. "మావాడి సైకిలు నాకెలా తెలిసిందంటే, అది మోగదు. మిగతావన్నీ మోగుతాయి. నేనే మోగేలా ఉంచాను. బాగుచెయ్యమని మీ పిల్లలు తెచ్చినప్పుడల్లా ఒక నట్టు బిగించకుండా వదిలేశాను. నా చెవిలో గొప్పేమీ లేదండీ."

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, ఎవరినీ చూడకుండా, పిట్ట పర్మిషను ఎప్పటిలాగే ఉంటుందని చెప్పారు. ఆయన గొంతు కూడా చిన్నదైపోయింది. మేస్త్రిని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్నది తనే కదా. క్యాంటీన్ ఆయన మాత్రం వెనక నుంచి తాపీగా అన్నాడు. "మా అమ్మాయి బ్రేకు కీచుమంటోందని నేనే స్వయంగా తీసుకొచ్చానయ్యా నీ దగ్గరికి. బ్రేకు పట్టకపోతే వాలు మీద ఏమవుతుందోనని."

మేస్త్రి శబ్దం గురించి ఆలోచించాడే గానీ, వదులైన బ్రేకుతో ఒక ఆడపిల్ల ఆ వాలు దిగుతోందన్న ఆలోచన ఆయనకి ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. రూలు పెట్టిందే ఆ వాలు కోసం.

ఇస్త్రీ ఆవిడ జోడించిన చేతులు ఎప్పుడు దించేసిందో ఆయన చూడలేదు. ఆవిడ అన్నయ్యా అనలేదు, తిట్టనూ లేదు. "పదవే," అని కూతురి భుజం పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున తండ్రీకొడుకులు హాలు ఊడ్చారు. ఎప్పుడూ కిటికీల దగ్గర మూగే జనం ఆ పొద్దున రాలేదు. వచ్చి నవ్వినా బాగుండేది. దొరగారు వారం నుంచీ తండ్రితో మాట్లాడటం మానేశాడు. మూలన చెత్త ఎత్తడానికి వంగి మేస్త్రి నడుం పట్టేసి తడబడితే, "తప్పుకో నాన్నా," అని చేట లాక్కున్నాడు. వారం మొత్తానికి మాట్లాడిన మాట అదే.

మర్నాడు మేస్త్రి షాపు తెరిచి, రోజంతా బల్ల మీద కూర్చున్నాడు. ఇంటింటికీ తిరిగి అన్ని సైకిళ్ళూ తనే బిగించి రావాలని పానా సంచి సర్దుకున్నాడు గానీ ఏ గుమ్మం ముందు నిలబడాలన్నా మొహం చెల్లలేదు. సాయంత్రం టౌనుకి వెళ్తూ పిట్ట పాక ముందు ఆగింది. వెనక క్యాంటీన్ ఆయన కూతురు, ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు సైకిళ్ళతో వరసగా నిలబడ్డారు. మేస్త్రి గబగబా లేచాడు.

"ఇలా ఇవ్వమ్మా, చిటికెలో బిగించేస్తా. అందరివీ."

"వద్దు మామయ్యా," అంది పిట్ట. గొంతులో కోపం లేదు, మర్యాద తగ్గలేదు. "పానా ఒకసారి ఇస్తారా? మేమే బిగించుకుంటాం."

మేస్త్రి పానా అందించాడు. ఆ పిల్ల దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని క్యారియర్ కింద నట్టు వెతుక్కుంది. అలవాటు లేని చెయ్యి కావడంతో పానా రెండుసార్లు జారింది. మిగతా పిల్లలు తమ వంతు కోసం చూస్తున్నారు. ఆయన ఉండబట్టలేక ముందుకి వంగాడు.

"కుడివైపుకి తిప్పాలమ్మా."

"తెలుసు మామయ్యా," అంది పిట్ట, తల ఎత్తకుండానే.